వాటం

రైల్వేస్టేషన్ ఎదురు సందులో మూడంతస్తుల లాడ్జి.
రాత్రి డ్యూటీ నాది.
రెండుంబావు బండికి జనం దిగేదాకా
తాళాల బోర్డు కింద నేనూ, బీటలు పడ్డ ఫోనూ,
ఫోన్లో ఎన్నడూ ఎండిపోని ఒక పచ్చిక.

గోల్ఫు. నవ్వకండి.
నిజం మైదానం నేనెరగను.
తిరుపతిలో అంత నేల ఖాళీగా పడుంటే
తెల్లారేసరికి దాని మీద లాడ్జి లేస్తుంది.

దూరపు దెబ్బలు నాకు వచ్చు.
వేలు వెనక్కి లాగి వదిలితే
బంతి చెరువు దాటి, ఇసుకగుంట దాటి
జెండా పక్కన వినయంగా వాలుతుంది.
ఆ తర్వాతే వస్తుంది తంటా.
పట్ అంటారట ఆ చివరి చిన్న దెబ్బను.
నాకు పట్టు దొరకనిదల్లా అదే.
నాలుగడుగులు. మంచమంత పొడుగు కూడా కాదు.
గట్టిగా తడితే గుంట అంచు ఒరుసుకొని అవతలికి జారుతుంది,
మెల్లగా తడితే
బేరం కుదరని యాత్రికుడిలా
గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ వారం రెండో అంతస్తులో స్నానాలగదులు పగలగొట్టారు.
చిత్తూరు నుంచి మొగిలప్ప మేస్త్రి వచ్చాడు,
పగలు టైల్స్ పరిచి, రాత్రి నా బల్ల పక్కన చాప పరిచేవాడు.
వెలిగించని బీడీ నోట్లో పెట్టుకొని
నా భుజం మీంచి ఒకసారి చూశాడు, ఏడుసార్లు చూశాడు.

"ఏంది సామీ అది?"
బంతి గుంటలో పడాల.
"మరి పడదే?"
అదే గదా.
"నేలను జూడకుండా గుంతను జూస్తా ఉండావు.
వాటం ఎట్టుండాదో చూడు.
ఆడ చెంబుడు నీళ్లు పోస్తే యాడికి పోతాయి?"

తెర మీద నీళ్లెట్లా పోయాలి?
రెక్క పట్టుకొని తీసుకుపోయాడు రెండువందల ఏడుకు.
సిమెంటు వాసన ఇంకా పోలేదు.
గోడ మూల చెంబు వంచాడు.
మట్టంగా ఉందని నేను ఒట్టేసి చెప్పగలిగే నేల మీద
నీళ్లు కాసేపు ఆలోచించి
ఎడమకి ఒరిగి, నడుం తిప్పి,
జాలీలోకి చప్పుడు లేకుండా దిగిపోయినాయి.
"అడుక్కి కాలంగుళం.
కంటికి దొరకదు, కాలికి దొరుకుతాది."

మీ ఇంట్లో కూడా ఇట్లాగే వేశావా అన్నాను.
"మాది మట్టినేల సామీ. నీళ్లు పోస్తే తాగేస్తాది."

ఆ రాత్రి నుంచి గుంటను చూడటం మానేశాను.
ఆట చూపించే బాణాలూ తీసేశాను.
మనసులో చెంబు వంచుతాను,
నీళ్లు ఎక్కడ నడుం తిప్పుతాయో
అక్కడికే గురి.
ఒకటి పడింది. తర్వాతది పడలేదు. ఆపైన మూడు పడ్డాయి.
కొండ దిగి వచ్చి గది అడిగిన నాలుగు కొత్త గుండ్ల మీద,
చందనం కింద కూడా, నాకు వాటమే కనబడింది.
చిన్నోడిది కుడికి.
వాళ్ల నాయనది నడినెత్తిన దిబ్బ, కష్టం.

మేస్త్రి వెళ్లిపోయిన మరునాడు
ఎక్కడివాడో తెలియని ఒకడితో చివరి గుంట, చెరిసమానం.
నాలుగడుగులు. ఇరవై సెకన్లు.
వేలు వెనక్కి లాగి పట్టుకున్నాను.
అప్పుడే బండి దిగిన సేలం కుటుంబం కౌంటరు మీద వాలింది.
ఎడమ చేత్తో తాళం అందించబోయి,
దేవుడి కోసం వచ్చినోళ్లకి ఎడమ చెయ్యేందని
కుడి చెయ్యి ఎత్తాను.

బంతి బయల్దేరింది.
వణుకు లేదు, ఆలోచన లేదు, ఇంతవరకూ అట్లా వదల్లేదు నేను.

చూడలేదు. ఫోన్ బోర్లా పెట్టి
రిజిస్టరులో రాశాను:
ఆరుగురు. ఒక్క రాత్రి. రెండువందల ఏడు.
పైన ఎవరో కొళాయి తిప్పారు.