ఉత్తరం హద్దు

పరకాల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట
ముప్పై ఒక్క ఏండ్లు దస్తావేజులు రాసిన.
భూముల కాయితాలు కంప్యూటర్లకెక్కినంక
చేతికి తీరిక చిక్కింది.
అదే రేకుల షెడ్డు కింద, అదే బల్ల మీద
నవల మొదలువెట్టిన.

కథంతా ముందే గీసుకున్న.
ఏడో అధ్యాయంల ఓదెమ్మ
రెండెకరాల చెలక మరిదికి అమ్మాలె.
అమ్మితేనే ఎనిమిదిల కోర్టు,
తొమ్మిదిల కాజీపేటల సూరత్ బండెక్కుడు,
పదకొండుల నాకు బాగ తెలిసిన ఏడుపు.

ఓదెమ్మ అమ్మదు.
ఇరవై రోజులాయె, నేను రాసిన బెంచి మీదనే కూసుండి
వక్క కొరుకుతాంది.
"ఎందుకమ్మాలె?" అంటది.
"కథ ముందటికి పోవాలె గదా అక్కా."
"దానికి కాళ్లు లేవా? పొమ్మను."

వేలసార్లు రాసిన వాక్యం యాదికొచ్చింది:
"ఎవరి బలవంతం లేక, నా స్వబుద్ధితో,
ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన విక్రయపత్రం."
అబద్ధమని ఎరుకయ్యి కూడ రాసిన, ఎన్నోసార్లు.
ఈడ కూడ గదేనా?

మరిది కొంరెల్లిని దుర్మార్గుని చేసిన:
మీసం, బుల్లెట్ బండి, ఒర్రే గొంతు.
రెండు పేజీలకే మొకం మొత్తింది.
అప్పుడు యాదికొచ్చిండు ఒకాయన,
పేరు చెప్ప, శాయంపేట దిక్కు.
వేలిముద్ర కోసం వదినెను తోలుకొచ్చిండు.
ఎండకు ఆమె సొలిగితే
ఉరికిపోయి గోలీసోడా తెచ్చి
సీసా మూతి తన తువ్వాలతోని తుడిచి ఇచ్చిండు.
ముంచేది ఆమెనే.
తుడిచింది కూడ నిజంగనే.
ఆ తువ్వాలను కొంరెల్లి భుజం మీద ఏసిన.
మీసం తీసేసిన.

నిన్న రాత్రి ఇసుగొచ్చి
కథ పక్కకువెట్టి, అలవాటు కొద్ది
ఓదెమ్మకు హద్దులు చదివిన.
తూర్పు: గొట్టె మొండయ్య పత్తిచేను.
పడమర: బండ్ల బాట.
దక్షిణం: సర్కారు కంచె.
ఉత్తరం: ఒర్రె.

"ఒర్రె ఆడ లేదు," అన్నది.
"ఏందీ?"
"పోయిన వానకాలం అవతలికి జరిగింది.
ఒండ్రు వడ్డ జాగ, ఎకరమంత,
మా దిక్కు మిగిలింది."
కొంరెల్లి తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు.
ఆయనకు ఎరుకే.
రాసిన నాకే ఎరుక లేదు.

పెన్ను మూత పెట్టుడు మరిచిన.
ఎనిమిది, తొమ్మిది, పదకొండు కొట్టేసిన.
సూరత్ బండి ఆమె లేకుండనే పోయింది.

పొద్దుగాల మా ఇంటామె చాయ్ గిలాస పెట్టుకుంట అడిగింది:
"ఇయ్యాలన్న ఏలుముద్ర ఏస్తదా మీ ఓదెమ్మ?"
ఏమో.
ఇంకు ప్యాడు తెరిచే ఉన్నది, అంచులు ఎండుతున్నయి.
ఆమె లేచి, చెప్పులేసుకొని
ఒర్రె దిక్కు నడుస్తాంది.
కాయితాలు సంకల వెట్టుకొని నేను
ఎనుక, కొంచెం దూరంల.