కింది రాయి

చీమకుర్తి కాటా దగ్గర
రాత్రి పదకొండుకి పద్నాలుగు లారీలు.
మొదటిది కాటా మీదే ఉంది.
దాని వీపున నల్లరాయి,
లైటు పడ్డచోటల్లా బంగారు నలుసులు.
బరువెంతో చెప్పేవాళ్ళు లేరు.

మొన్నటి పిడుక్కి పాత మీటరు కాలిపోయింది.
కొత్త మీటరు కొత్త భాష మాట్లాడుద్ది.
ఆ భాష తెలిసిన ప్రోగ్రాం
సోర్సుగానే దొరికింది, వండని బియ్యంలా.
పొయ్యి మాత్రం ఐదేళ్ళ నాటిది:
సింగయ్య లినక్సు డబ్బా.
స్టేబుల్ అని పేరు. పేరుకు తగ్గట్టే
కదలదు, కదిలించనివ్వదు.

ఫలానా లైబ్రరీ లేదంది.
తెచ్చాను.
ఉంది గానీ పాతదంది.
కొత్తది తెస్తే అది ఇంకోదాన్నడిగింది,
ఆ ఇంకోటి మరోదాన్ని.
పెళ్ళికి ఒకర్ని పిలవబోయి
వాళ్ళ వియ్యంకుడి బావమరిది అలక దాకా
తీర్చాల్సొచ్చినట్టు.

ఫోన్లో మిగిలింది మూడొందల ఎంబీ.
సిగ్నల్ కోసం డంపు దిబ్బ ఎక్కాను,
ఎవరికీ పనికిరాని రాళ్ళ మీద చెప్పులు జారుతుంటే
ఫోన్ని దీపంలా పైకెత్తి పట్టుకుని.
పైనుంచి చూస్తే లారీల వరస
అచ్చం నా తెర మీది వరసే:
ముందున్నది కదిలితే గానీ
వెనకున్నదానికి దారి లేదు.

డ్రైవరు ఏసుపాదం అరగంటకోసారి
కిటికీలోంచి తొంగిచూస్తాడు.
"ఇంకా ఉడకలేదా అన్నా?"
అక్షరాలు పరిగెత్తినంతసేపూ
వాళ్ళందరికీ పని జరుగుతున్నట్టే ఉంటుంది.
చివరి వరస ఎర్రగా వస్తుందని
నాకొక్కడికే తెలుసు.

ఒంటిగంట దాటాక
అది అన్నిటికన్నా అడుగునున్నదాన్నే అడిగింది,
ఈ డబ్బాలో ప్రతి ఒక్కటీ ఆనుకుని నిలబడ్డ
సీ లైబ్రరీని.
ఇంకో రెండు మెట్లు పైది కావాలంట.
ఒక్క కమాండు చాలు.
వేలు ఎంటర్ మీదే ఉంది.

అప్పుడు మీరావలి టీ తెచ్చాడు.
ముప్పై ఏళ్ళు క్వారీలో బెంచీలు కోయించిన మనిషి,
ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు.
ఏందది అనడిగితే తోచినట్టు చెప్పాను.
"కింది రాయి లాగి
పైవి నిలబడతాయనుకున్నోళ్ళని
ఇద్దర్ని మోశా నేను" అన్నాడు.
టీ ఆరిపోతంది తాగమన్నాడు.
అంతే.

వేలు తీశాను.

కొత్తదే ఎందుకు కావాలి మనకి?
ఈ డబ్బా పుట్టిన రోజుల్లో
ఆ ప్రోగ్రాం ఎట్టా ఉండేదో చూద్దామని
పాత విడుదలల్లోకి దిగాను,
గనిలోకి దిగినట్టు,
పొరపొరకీ ఒక తారీఖు.
నాలుగేళ్ళ కిందటి పొరలో దొరికింది,
అప్పుడు చేతిలో ఉన్న సామానుతోనే
ఎవరో పొదుపుగా కట్టుకున్నది.
ఒక్క చిన్న లైబ్రరీ మాత్రం అడిగింది.
దాన్ని కట్టి, సిస్టం అల్మారాలో కలపకుండా
పక్కన వేరే గూట్లో పెట్టి దారి చూపించాను.
ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు,
తగాదా లేదు.

మూడూ ఇరవైకి తెర ఆగింది.
ఎర్ర వరస లేదు.
నమ్మలేక అంతా చెరిపి
మళ్ళీ మొదట్నుంచి కట్టాను.

పాతది కదా, మీటరు భాష దానికి సగమే వచ్చు.
బరువు చెప్పుద్ది, తారీఖు చెప్పదు.
"తారీఖు నేను రాస్తాలే" అని
సింగయ్య చెవి మీది పెన్ను తీశాడు.
అంకె కాసేపు అటూఇటూ ఊగి నిలబడింది:
ముప్పై ఎనిమిది వేల నాలుగొందల అరవై.
ఏసుపాదం చీటీ చదవను కూడా చదవకుండా
జేబులో కుక్కి ఇంజను రేపాడు.

పోయేముందు గోడ క్యాలెండర్ వెనక్కి తిప్పి
పంచరు మనిషి నంబరు కింద
ఏది ముందు కట్టాలో, ఏది తర్వాతో,
ఏ గూట్లో ఏముందో రాశాను.
వచ్చే ఏడు ఈ విడుదలకి మద్దతు ఆగిపోద్దని
కింద గీత కొట్టి మరీ రాశాను.
సింగయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, అంతా చదివాడు.
సరేనని తలూపాడు.
నా రాత గోడవైపు పోయేట్టు
క్యాలెండర్ని మళ్ళీ మేకుకి తగిలించాడు.