అడ్డంగా ఊపితే అవును

స్వాన్సీలో కారు నిలుపుకునే కొట్టు ఖరీదుకి
ఇక్కడ నాలుగు గదులు, ద్రాక్షపందిరి,
కప్పులో పిల్లి దూరేంత కంత,
ఆ కంతలోంచి రోజూ కాసేపు దిగే ఎండ
అన్నీ కలిపి రాసిచ్చారు గ్లెనిస్‌కి.

అరవై ఎనిమిదేళ్ళు.
బడిపిల్లలకి ఉడికిన బఠాణీలు వడ్డించీ వడ్డించీ
కుడి భుజం కొంచెం కిందికి దిగిన మనిషి.
అక్కడి ఆఖరి చలికాలం కోటుతోనే పడుకుంది.
గ్యాసు మీటరు ముందు కుర్చీ వేసుకుని
అంకెలు తిరుగుతుంటే చూస్తూ టీ చల్లార్చుకుంది.
ఒక రాత్రి కవరు వెనక లెక్క వేసింది.
పింఛను ఇంత, బతుకు ఇంత.
ఎటు తిప్పి రాసినా రెండోదే పెద్దది.
దేశం మారిస్తే తీసివేత కుదిరింది.

బల్గేరియాలో డబ్బు పేరు అప్పటికింకా లేవా.
లేవా?
ఉన్నాయి. ఎన్నేళ్ళకో, నెలాఖరున కూడా ఉన్నాయి.

భాష మాత్రం చవగ్గా రాలేదు.
రొట్టె ఉందా అంటే కొట్టతను తల అడ్డంగా ఊపాడు,
రెండు రోజులు ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.
ఇక్కడ అడ్డంగా ఊపితే అవును.
హెచ్‌లా కనబడేది న అట, పిలా కనబడేది ర అట.
తెలిసిన ముఖాలే
పరాయి గొంతుతో పలకరించాయి.

ఊళ్ళో బడి మూసేశారు.
అక్షరాలు దొరికేది గేట్ల మీద, కరెంటు స్తంభాల మీద,
బస్సు ఆగే చోట
పోయినవాళ్ళ ఫొటో కింద నాలుగు వరుసల్లో.
నలభయ్యో రోజుకి ఒక కాగితం, ఆరు నెలలకి ఒకటి,
వానకి ఉబ్బి, ఎండకి వెలిసి,
పాతదాని మీదే ఏడాదిది.
కూడబలుక్కుని చదివింది గ్లెనిస్
త్స్వెతాన్. దోన్కా. ఇంకో దోన్కా.
ఉన్నవాళ్ళకంటే ముందు
లేనివాళ్ళ పేర్లు నోటికొచ్చాయి.

శరదృతువులో పెరళ్ళన్నీ మిరపకాయలు కాల్చిన వాసన.
పక్కింటి స్తోయాంకాతో కూర్చుని తొక్కలు ఒలుస్తూ
"ఇక్కడ అన్నీ ఎంత చవక!" అంది
వచ్చీరాని మాటల్లో, మెచ్చుకుంటున్నాననుకుని.
స్తోయాంకా చేతిలో తొక్క సగంలో ఆగింది.
"ఎవరికి?"
అంతే. మళ్ళీ ఒలిచింది.

ఆమె పింఛనుకి చలికాలం కట్టెలు సగమే వస్తాయని,
కూతురు రుమ్యానా బ్రిస్టల్లో
ముసలివాళ్ళకి ఒళ్ళు తుడుస్తోందని
ఆ సాయంత్రమే తెలిసింది.
గ్లెనిస్ ఒళ్ళు తుడవాల్సిన చేతులు అటు వెళ్ళాయి,
ఒళ్ళు ఇటు వచ్చింది.
ఏ విమానాశ్రయంలోనో భుజం తగిలి
సారీ చెప్పుకునే ఉంటారు.

కట్టెలబండి వచ్చినప్పుడు గ్లెనిస్ అంది
"పొరపాటున ఎక్కువ దింపాడు, నువ్వు కొన్ని తీసుకో."
స్తోయాంకా నమ్మలేదు. తీసుకుంది.
మర్నాడు గుమ్మంలో పన్నెండు సీసాల మిరపపచ్చడి.
లెక్క లెక్కే.

జనవరిలో, మోకాలెత్తు మంచులో
చీపురు ఊతంగా వచ్చింది స్తోయాంకా.
"ఫొటో ఒకటి తీసి ఉంచు.
మొన్న ఆ డచ్చాయన పోతే ఇంట్లో ఒక్కటీ దొరక్క
డ్రైవింగు లైసెన్సు బొమ్మ వేశాం,
దొంగలా ఉన్నాడు పాపం."

కవరు వెనక లెక్కలో ఈ పద్దు లేదు.
పైకప్పు ఉంది, పళ్ళ డాక్టరు ఉన్నాడు,
పిల్లి తిండి కూడా ఉంది.

"నీ పేరెలా రాస్తారు?"
పొగ పట్టిన కిటికీ అద్దం మీద
వేలితో రాసి చూపించింది గ్లెనిస్.
మధ్యలో ఆ హెచ్‌లాంటి న.

"నువ్వు ముందైతే నేను అంటిస్తా.
నేను ముందైతే నువ్వు.
జిగురు మైదాతో ఉడికించు, కొన్నది వానకి ఆగదు.
సరేనా?"

గ్లెనిస్ తల నిలువునా ఊపింది,
స్వాన్సీ అలవాటు.

"ఎందుకు వద్దూ?"
స్తోయాంకా చీపురు ఎత్తింది.