పథ్యం

కేకులకు పిండి తూచిన త్రాసు ఇది.
ఇప్పుడు బ్రాస్కెకు కూడు తూస్తున్నాను,
పూటకు నూట తొంభై గ్రాములు,
మీద ఒక చెంచా చేపనూనె.
గిన్నె నాకి, గిన్నె కింద నేల నాకి,
నావైపు చూస్తాడు
ఇంట్లో కరువొచ్చిందా అన్నట్టు.

కరువు కాదురా, కీళ్లు.
"పెరిగే ప్రతి అరకిలో వాడి తుంటే మోయాలి"
అంది డాక్టరు ఇంగలిల్,
అంటూ నా నడుము మీదా ఒక చూపు పారేసింది.

పదకొండేళ్లు వాడికి.
తోడేలు రంగు ఒంటి మీద
మూతికొక్కటే మంచు పట్టింది,
మే నెలలో కూడా కరగదు.
యామ్ట్‌లాండ్ అడవిలో ఈ కుక్కే ఒకప్పుడు
గుర్రమంత మూస్ దుప్పిని చిత్తడిలో నిలేసి
నేను ఆయాసపడుతూ చేరేదాకా
మూడు గంటలు గొంతు దించకుండా మొరిగింది.
ఇప్పుడు కారెక్కడానికి పలక వేస్తాను.
పలకను చూసి తల తిప్పుకుంటాడు,
ఎవరి కోసమో వేసినట్టు.

జారే చెక్కనేల మీద
పాతగుడ్డలతో అమ్మ నేసిన చాపలు పరిచాను.
ఆదివారం ఆదివారం గోళ్లు కత్తిరిస్తాను,
పెరిగితే నడక వంకర పోతుందట.
పరుగు మాన్పించి సరస్సులో ఈత పెట్టాను:
నీళ్లలో వాడికి మూడేళ్లే.
ఒడ్డెక్కి ఒళ్లు విదిలించాక
పదకొండూ తిరిగొస్తాయి.

"వేటకుక్క అడవిలో పోవాలి గానీ చాపమీద కాదు"
అంటాడు పక్కింటి హాల్వర్.
మోకాలికి పట్టీ బిగించుకుంటూ అంటాడు ఆ మాట.

సెప్టెంబరు. వేట మొదలయ్యే సోమవారం.
వాసన తగలకూడదని నారింజరంగు టోపీని
ముందురోజే ఫ్రీజరులో దాచాను,
అడవిపళ్ల సంచుల అడుగున.
తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే
వాడప్పటికే వంటింట్లో కూర్చునున్నాడు,
ఫ్రీజరు వైపు మొహం పెట్టి.

ఏం చేస్తాను,
మెడకు తోలుతాడు వేసి తీసుకెళ్లాను
బర్చ్ చెట్లు పలచబడే దాకా. అరగంట, అంతే.
కొండ అవతల హాల్వర్ కుర్రకుక్క అరుపు అందుకుంది.
బ్రాస్కె నిలబడిపోయాడు.
వెనక్కాళ్లలో సన్నటి వణుకు.
అది ముసలితనమో మరొకటో
ఏ ఎక్స్‌రేలోనూ పడదు.
ఒక్కసారి మొరిగాడు,
ఆ కుర్రదాని తప్పు దిద్దుతున్నట్టు.

తోలుతాడు నా చేతికి మూడు చుట్లు చుట్టి ఉంది.
ఒక చుట్టు విప్పాను.
ఒక మూర.
ఆ మూర పథ్యంలో లేదు.

మర్నాడు ఇద్దరం కుంటాం.
ఇంగలిల్‌కి చెప్పలేదు.