కెమెరాకు వాలు తెల్వదు

దేవునూరు దాటినంక తారు ఆగిపోతది.
అక్కడ్నించి సైకిల్ మనల మొయ్యదు,
మనమే దాన్ని మొయ్యాలె.
పదిహేను కిలోల ఇనుము భుజానేసుకొని
సీతాఫలం పొదల నడుమ గంటసేపు ఎక్కుడు,
రెండు నిమిషాల దిగుడు కోసం.
"గిదేం లెక్కరా" అంటడు ఓదేలు ప్రతి ఆదివారం.
ప్రతి ఆదివారం నాకన్నా ముందే ఎక్కుతడు.

ఈ బాట మేం వేసింది కాదు,
మేకలు వేసినయి.
ఏ బండ మీద డెక్క నిలుస్తదో, ఏడ జారుతదో
ఎన్ని తరాల మేకలు కొలిచి పెట్టినయో.
మేం చేసిందల్లా
రెండు మలుపుల కాడ రాళ్ళు పేర్చి
ఒక వర్రె మీద పలక అడ్డమేసుడు.
పేర్లు మాత్రం మేమే పెట్టుకున్నం:
ఎలుగు మూల, అత్తగారి మెట్టు,
నా ముందటి పన్ను రాలిన కాడ పన్నుబండ.

కెమెరా సగం నాది, సగం ఓదేలుది.
వాడు హన్మకొండ చౌరస్తాల
పంచర్లేసి కూడబెట్టిన పైసలు,
నేను కొరియర్ సంచులు మోసిన పైసలు.
ఛాతీకి బెల్టుతో కట్టుకుంటే
చిన్న ఎర్ర లైటు మిణుకుమంటది.

కానీ ఒక్కటి,
కెమెరాకు వాలు తెల్వదు.
నిలువునా జారొచ్చిన బండ
ఇంటికొచ్చి చూస్తే
వడ్లు ఆరబోసే కల్లమంత సాపుగ కనబడ్తది.
మా అన్న చూసి "గింతేనా" అన్నడు.
మరి నా మోకాళ్ళ వణుకు ఏడవాయె?
బ్రేకు మీద రెండు వేళ్ళ తిమ్మిరి,
నాలుక మీద పాత పావలా బిళ్ళ రుచి,
చక్రాలు గాలిల ఉన్నప్పుడు కడుపుల
బాయిల బొక్కెన తాడు తెగినట్టయినది,
గవేం ఎక్కలే.
గాలి మోత ఎక్కింది. చెయిను మోత ఎక్కింది.
నేను తిట్టిన తిట్లు మాత్రం సాఫ్‌గ ఎక్కినయి.

ఓదేలు కింద రాయి చాటున పండుకొని
ఫోన్ల తీస్తడు, ఒర్లుతడు:
"మోచేతులు బయటికి! నా దిక్కు చూడకు!
నువ్వేడ చూస్తే సైకిల్ ఆడికే పోతది!"
వద్దన్న కాడికే పోతది నా చూపు.
ఆనాడు పరికి కంప దిక్కు చూసిన.

పడ్డప్పుడు చప్పుడుండదు,
తర్వాత ఉంటది.
మోచెయ్యి, మోకాలు, నడుము,
ఒక్కొక్కటే పిలిచి హాజరేసుకున్న.
అన్నీ ఉన్నయి.
కెమెరా లేదు.

పొద్దుగూకేదాకా దేవులాడినం.
సగం సగం పైసలు కాబట్టి
ఎవ్వలం ఎవ్వల్ని ఏమనుకోలే.

మూడొద్దులకు కొంరమ్మ తెచ్చిచ్చింది
కొంగు ముడి ఇప్పి.
"ఆనాడే దొరికింది బిడ్డా, మీరేడుంటరో ఎరుకలేకపాయె.
కన్ను మిటకరిస్తుండె, ఎండ కొడ్తదని చుట్టిన."

రాత్రి కార్డు పెట్టి చూసినం.
మొదట ఆకాశం, అండ్ల ఒక గద్ద.
ఆకాశాన్ని మూస్తూ ఒక మేక ముక్కు,
తడి తడిగ నాకుడు.
ఆమె మొఖం, తలకిందులుగ,
"ఎవనిదే ఇది" అని మేకను అడుగుడు.
తర్వాత చీర. చీకటి.

చీకట్ల పదకొండు నిమిషాలు.
ఒక అడుగు. ఆగుడు. ఒక అడుగు.
మోకాలు కీచుమన్నది, అమ్మా అన్నది.
కాలికింద ఊడిన గులకరాయి
పోతనే ఉన్నది, పోతనే ఉన్నది,
ఎక్కడ్నో అడుగున టక్కుమన్నది.
దూరంగ, పైన, మా ఇద్దరి గొంతులు:
"దొరికిందారా?" "లే!"

మా అన్నకు చూపెట్టిన.
"నల్లగున్నది, ఏం కనబడ్తలేదు" అన్నడు.
"ఇను" అన్న.

ఇప్పుడు నా హ్యాండిల్‌కు మేక గంట ఉంటది.
ఆమె పెట్టిన షరతే,
జీవాలు బెదరకుండ ముందుగాల మోగాలెనట.
సాపు బాట మీద నోరిప్పదు గని
పన్నుబండ కాడ
ఆపుమన్నా ఆగదు.