కిమోనో మోడల్

నాలుగేండ్ల సంది కిమోనోలు కుడుతున్న నేను,
దోహాల, నజ్మా గల్లీల,
ఏసీ నీళ్లు చుక్క చుక్క కారే సందు పక్కపొంటి దుకాణంల.
అబాయాకు గుండీలు తీసేసి చేతులు వెడల్పు పెడితే
కిమోనో మోడల్ అంటరు ఈడ.
బోర్డు మీద రాసుంటది: కుట్టు కూలి పదిహేను రియాళ్లు.

అసలుది ఎట్లుంటదో
మిత్సుయో మేడం సంచి ఇప్పేదాక నాకు తెల్వది.
గ్యాసు కంపెనీల లెక్కలు చూస్తదట.
కాయితం మడతల, ముసురు పట్టిన పొద్దటి రంగు పట్టు,
అంచుకు ఏడో ఎనిమిదో తెల్లపిట్టలు.
ఆమె ఫోనుకు జపాను మాట చెప్తే
ఫోను నాకు హిందీల చెప్పింది:
"అమ్మమ్మ కుట్టింది. నాకు కురచైంది.
అమ్మకు కుట్టు రాదు. నాకు గుండీ పెట్టుడు సుత రాదు."

మిషను దిక్కు చూసిన.
వద్దని చెయ్యి ఊపింది.

విప్పుతుంటే పోగు అల్కగ తెగింది,
పట్టుకు మాత్రం గాటు పడలే.
సిరిసిల్లల సాంచె కాడ మా బాపు ఒర్రేటోడు,
పోగు తెగితే అతుకొచ్చు, గుడ్డ చినిగితే ఏం జేస్తవ్‌రా అని.
సాంచెలు బందైనయి. ఆ ఒర్రుడు బందైంది.
గీ ముసలమ్మకు గా మాట ఎవరు చెప్పిన్రో.

ఎనిమిది తునకలు.
బల్ల మీద పరిస్తే ఒక్క వంకర కోత లేదు,
మెడకు సుత కత్తెర గుండ్రంగ తిరగలే.
వరుసకు పెడితే మళ్ల ఒకటే తాను,
మూరెడు పన్నా సుత లేని సన్నపు తాను.

నడుము కాడ, లోపటి దిక్కు,
బెత్తెడు గుడ్డ మడిచి దాచిపెట్టింది ఆ అమ్మ.
ఎవరు పొడుగు పెరుగుతరని?
మడత ఇప్పితే ఆడ రంగు నిన్న అద్దినట్టున్నది.
మేడం ఆ జాగల బొటనేలు పెట్టి
శానసేపు తియ్యలే.
ఫోను ఏం చెప్పలే.

దుకాణం బందుండే శుక్రారాలు కుట్టిన, ఆరు వారాలు.
వేలికి అంగుస్తాను, బియ్యపుగింజంత కుట్టు.
చెయ్యి తప్పితే పాత సూది రంధ్రాలు
ఇటు రా అన్నయి.

కూలెంత అని అడిగింది.
బోర్డు దిక్కు చూసిన. ఆ లెక్క నోటికి రాలే.

మాపటికి చీపురు, ఖాళీ బస్తా పట్టుకొని రుబెల్ వచ్చిండు.
రోజూ బస్తెడు నల్ల ముక్కలు ఎత్తేటోడు
గడప కాడనే నిలవడ్డడు.
"ఇయ్యాల పని చెయ్యలేదా మాస్టర్?"