సందు చుక్క

తుపాను మా పాలీహౌస్‌ని ఇనప పైపులతో సహా ఎత్తుకుపోయిన ఏడాది
పర్లాకిమిడిలో మూతపడ్డ బియ్యం మిల్లు అద్దెకు తీసుకున్నాను.
అరవై అడుగుల పొడుగు, ముప్పై వెడల్పు,
ఊక వాసన ఇంకా వదలని గోడలు.
ఇందులోకి ఎండ రాదు.
నేనే కొని తెచ్చి వేలాడదీయాలి.

బరంపురం ఆసామి వంకాయరంగు దీపం వెలిగించి చూపాడు.
"ఎరుపూ నీలమూ, మొక్క తినేది అంతే,
తక్కినదంతా దండగ మేడమ్."
నిజమే కావచ్చు.
ఆ వెలుతుర్లో నా చేతులు నావిలా లేవు,
క్యాబేజీ నారు మసిగుడ్డలా ఉంది.
ఆకు పండుబారితే నాకెలా తెలుస్తుంది?
తెల్లవే ఇమ్మన్నాను.
కరెంటు కాస్త ఎక్కువ లాగుతాయన్నాడు.
లాగనీ, బ్యాంకువాడు లాగినంత లాగవు కదా.
అరవై కావాలన్నాడు. నలభైకి డబ్బులున్నాయి.
కనికరించి ఇంకోటి ఊరికే ఇచ్చాడు.

నిరాకార్ నిచ్చెనెక్కి
ఎనిమిది వరుసలు, వరుసకి ఐదు, దారం పట్టి కట్టాడు.
చూడ్డానికి ఎంత బాగుందో.
కాలేజీ నుంచి అరువు తెచ్చిన మీటరుకి మాత్రం నచ్చలేదు:
దీపం కింద మూడొందలు,
నాలుగు దీపాల నడుమ నూట అరవై,
గోడవార తొంభై.
వారం తిరక్కుండా మొక్కలూ అదే చెప్పాయి.
నడిమివి పొట్టిగా, గట్టిగా;
గోడవారవి పెళ్లిపందిరి బయట నిలబడ్డ పిల్లల్లా
మెడలు సాచి లోపలికే చూపు.

జానెడు దించాను, చివుళ్ళు మాడాయి.
మూరెడు ఎత్తాను,
వెలుగు సమానమైంది గానీ
అందరికీ సమానంగా చాల్లేదు.

చీపురు పక్కన పెట్టి దాలమ్మ అంది:
"సరిచుక్క ఎట్టీసినారేటి? సందుచుక్క ఎట్టాల గానీ."
గుప్పెడు సున్నంతో సిమెంటు నేల మీద
ఐదు, వాటి సందుల్లో నాలుగు,
మళ్ళీ ఐదు, మళ్ళీ నాలుగు,
నడుము ఎత్తకుండా తొమ్మిది వరుసలు.
లెక్కపెట్టాను. నలభై ఒకటి.
ఊరికే వచ్చినదీ ఇమిడిపోయింది.

"మా ఝోటిలో చుక్కలుండవు,
పిండిలో వేలు ముంచి తిప్పుకుంటూ పోవడమే,"
అన్నాడు నిరాకార్ నవ్వుతూ.
తర్వాత నవ్వు ఆపి, నేల చుట్టూ నడిచి,
అంచు చుక్కల్ని గోడకి మూరెడు దూరానికి జరిపాడు,
నడిమివాటిని ఎడం చేశాడు.
"అలగైతే ముగ్గు వంకరైపోదా?"
"మొక్కలకి ముగ్గు కనపడదు, అమ్మా."
ఆమె మూతి ముడుచుకుంది, చెరపలేదు.

గోడలకి రెండు పూతలు సున్నం.
వంకర ముగ్గు పైకప్పుకి ఎక్కడానికి మూడు రోజులు.
నాలుగో సాయంత్రం స్విచ్చి వేసి
దాలమ్మ నారు ట్రే మీద అరచెయ్యి చాచింది.
మునుపు ఆ చేతికి ఒకటే నీడ, బొగ్గులాంటిది.
ఇప్పుడు ఐదో ఆరో,
మజ్జిగ తేటలా పలచగా, ఒకదాని మీద ఒకటి.
రెండొందల ఇరవై, రెండొందల పది, నూట తొంభై,
చదువుతూ పోయాను.
ఈశాన్యం మూల, స్తంభం వెనక, నూట ముప్పై.
అక్కడ ఆగిపోయాను.

ఆ మూల ట్రేని ఆమె రోజూ పొద్దున్నే మారుస్తుంది.
ఇవాళ మూలనున్నది రేపు నడిమికి.
రాసుకోదు, తప్పదు.
నేను రాసుకున్నాను, రెండుసార్లు తప్పాను.

రాత్రి పదికి టైమరు టిక్కుమంటుంది.
నారుకి చీకటీ కావాలి, ఎనిమిది గంటలు.
బయట మహేంద్రగిరి వైపు నుంచి వాన, రేకుల మీద.
టార్చి పట్టుకుని తలుపు వెయ్యబోతుంటే
స్తంభం పక్కన, ఎవరూ దీపం కట్టని చోట,
తడి ఆరని సున్నంతో ఇంకో చుక్క కనపడింది.
నలభై రెండోది.
అడిగితే, "వచ్చీ నారుకి కొనరేటి?" అంది.